పద్దెనిమిది నిమిషాల పాత కూత

రోజు 1

పదో లాకులో చేరాను. నా వయసు అరవై ఏడు. చదివింది మూడో తరగతి. జన్మలో నేను పాసైన పరీక్ష ఇదొక్కటే. పరీక్షంటే పెన్నూ కాయితం లేవు. చేతికి పట్టీ కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, గాలివాన చప్పుడు వినిపించారు. అంతే. నలభై రెండు మందిలో ఎక్కువ భయం నాదే అని తేలింది. ఉద్యోగం ఇచ్చారు.

ఈ పుస్తకం నాది. ఆఫీసు పుస్తకం వేరే ఉంది. దాంట్లో రాసింది దివాకరం గారు చదువుతారు. ఆయన లాకు సూపర్నెంటు.

పని కష్టం కాదు. పొద్దున్న ఏడింటికి వచ్చి, రాత్రి పూట కాసే చోడమ్మను దింపి నేను కుర్చీ ఎక్కాలి. మూడున్నరకి ఇంకొకావిడ వస్తుంది. పట్టీ కట్టుకుని కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ ఉండాలి. కిటికీ పైన ఒక అంకె వెలుగుతూ ఉంటుంది. అది నా భయం. ముప్పైకీ అరవైకీ మధ్య ఉన్నంతసేపు కట్టలో లాకు తలుపు తెరిచి ఉంటుంది, పైన దీపం పచ్చగా వెలుగుతుంది, పడవలు వస్తూ పోతూ ఉంటాయి. అరవై దాటితే తలుపు మూసుకుంటుంది, పూర్తిగా మూసుకుంటే ఆ పూటకిక తెరుచుకోదు. ముప్పై కిందికి దిగితే కుర్చీలో మనిషి కునుకు తీసిందని లెక్క. గంట మోగుతుంది. తలుపు ఉన్నచోట ఉన్నట్టు నిలబడిపోతుంది.

"నీళ్ళెంత ఎత్తున్నాయో కొలిచే మిషన్లున్నాయి గదండీ, మధ్యలో నేనెందుకు?" అని అడిగాను.

"మిషన్లకి నాచు పడుతుందమ్మా. నాచు పట్టాక ఎంత నీరొచ్చినా తక్కువే ఉందంటాయి. మూడో లాకులో అలాగే అన్నాయి," అన్నారు దివాకరం గారు.

మూడో లాకు సంగతి ఎవర్ని అడిగినా చెబుతారు. కట్టకి ఇవతల మేమంతా సముద్రం కంటే పల్లంలో బతికేవాళ్ళం. అక్కడ ఇప్పుడు ఊళ్ళు లేవు.

"పోనీ చేత్తో తిప్పే పిడి పెట్టొచ్చు గదండీ."

"ఉండేది. ఏడో లాకులో ఒకాయన, తమ్ముడి పడవ బయటుందని పిడి పట్టుకుని వేలాడాడు. మూయనివ్వలేదు. అందుకే పిడి తీసేశాం. బయటి కబుర్లు కూడా లోపలికి రానివ్వం. ఇక్కడ మీరు నీటికే భయపడాలి, పేరంటాలమ్మ గారూ. ఇంటి భయం ఇంట్లో పెట్టి రండి."

"ఆయ్," అన్నాను.

ఎలా పెట్టి రావాలో ఆయన చెప్పలేదు.

రోజు 2

సత్యవేణి నా కూతురు. నలభై ఒకటి. కట్ట అవతల నాచు తోటలో పడవ నడుపుతుంది. దాని కింద నలుగురు ఆడవాళ్ళు. పొద్దున్న ఇదే లాకులోంచి వెళ్ళి మధ్యాహ్నం మూడింటికి ఇదే లాకులోంచి వస్తుంది. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు "పగటిపూట ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగారు. "ఎవరూ ఉండరండి," అన్నాను. అబద్ధం కాదు.

ఇన్నాళ్ళూ పగలంతా నేను స్కానర్ పక్కనే ఉండేదాన్ని. మా ఆయన పెట్టిపోయిన డబ్బా అది. బయట పడవల రేడియోలు పగలంతా తెరిచే ఉంటాయి, వాటిలో ఎవరు మాట్లాడినా వెతికి పట్టుకుంటుంది. కూర తరుగుతూ వినేదాన్ని, గిన్నెలు తోముతూ వినేదాన్ని. దాని గొంతు వినిపిస్తే ఇంకో గిన్నె. వినిపించకపోతే గిన్నె పక్కన పెట్టి కూర్చునేదాన్ని.

ఇవాళ పొద్దున్నించీ అంకె యాభై ఎనిమిది. మూడుసార్లు అరవై దాటింది. తలుపు మూసుకోవడం మొదలెట్టి మళ్ళీ ఆగింది. పడవలు హారన్లు కొట్టాయి.

ఇంటికొచ్చాక సత్యవేణి అంది: "ఏంటమ్మా, ఇవాళ మీ తలుపు వేస్తాను వేస్తాను అని మారాం చేస్తోంది? మా రత్తాలు పడవ ముక్కు గీసుకుపోయింది."

"గాలి ఎక్కువుంది," అన్నాను.

"గాలా! ఆకు కదల్లేదు." నవ్వింది.

దానికి భయమంటే ఏంటో తెలీదు. చిన్నప్పటినుంచీ అంతే.

రోజు 4

అబ్బులుని అడిగాను. మా వీధివాడే, యాభై ఏళ్ళుంటాయి, లాకులో లైన్‌మాన్. ఇంట్లో స్కానర్ మోగితే నాకు కుర్చీలో వినపడాలి, అంతే నాకు కావలసింది.

"పిన్నీ, జల్లెడ ఊరుకోదు," అన్నాడు.

జల్లెడంటే లాకులోకి వచ్చే ప్రతి తీగనీ కాచే మిషను. బయటినుంచి ఏం వచ్చినా పట్టి చూస్తుంది. తనకి తెలిసిన సరుకైతే వదులుతుంది, లేకపోతే మింగేస్తుంది. ఫోనులైతే గేటు దగ్గరే తీసుకుని బీరువాలో పెట్టేస్తారు.

"ఏదో ఒక సందు ఉండకపోదు నాయనా."

"సందులుంటే నేను క్రికెట్టు వినేవాణ్ణి గదా పిన్నీ."

రోజు 6

అబ్బులు హాజరు మిషన్ తీగలో పెట్టి చూశాడు. మా వీధి చివర కూడా ఒక హాజరు మిషనుంది, కట్ట కూలీలకి. ఆ దారిన స్కానర్ చప్పుడు పంపించాడు. జల్లెడ మూడు క్షణాలు ఆలోచించి మింగేసింది. మింగేముందు ఆఫీసులో హాజరు మిషన్ "ఐసు అయిపోయింది, ఐసు పంపండెహే" అని గట్టిగా అరిచింది.

దివాకరం గారు గదిలోంచి వచ్చారు. "ఎవరయ్యా ఐసు అడుగుతోంది?"

"తీగలు ఆనుకున్నాయండి," అన్నాడు అబ్బులు.

"ఆనుకుంటే ఐసు అడుగుతుందా?"

"ఎండాకాలం గదండి."

ఆయన చాలాసేపు అబ్బులు వైపు చూసి లోపలికి వెళ్ళిపోయారు. నా అంకె యాభై తొమ్మిది.

రోజు 8

దారి దొరికింది. నీటి చెవి.

కట్ట కింద ప్రతి వీధి చివరా కాలవలో ఒక నీటి చెవి ఉంటుంది. భూమిలోంచి నీళ్ళు ఊరుతున్నాయేమో వినే మైకు అది. ఆ చప్పుడు లాకులోకి వస్తుంది. కుర్చీలో ఉన్నవాళ్ళు వీధుల అంకెలున్న బిళ్ళ తిప్పి ఏ వీధిది కావాలంటే ఆ వీధిది చెవిలో పెట్టుకుని వినొచ్చు, వినాలి కూడా. మా వీధి చెవి సరిగ్గా మా ఇంటి ముందే ఉంది. స్కానర్ నుంచి ఒక పాత స్పీకరు లాగి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించి, ఆ చెవి పక్కన కాలవలో దించాడు అబ్బులు. నీటి చెవిలోంచి వచ్చేది నీటి చప్పుడే అనుకుంటుంది జల్లెడ.

"అయితే ఒక మెలిక ఉంది పిన్నీ. వీధిలో జనం మాట్లాడుకునేది ఆఫీసుకి వినపడకూడదని, మనిషి మాటలన్నీ జల్లెడ తీసి పారేస్తుంది. ఇక నీకేం వినపడతాయో నాకు తెలీదు."

రోజు 9

బిళ్ళ మా వీధికి తిప్పాను. గరగర. తరవాత ఖాళీ. మళ్ళీ గరగర. మాటలున్నచోటల్లా కత్తిరించినట్టు ఖాళీ. ఖాళీ ఎంతసేపుంటే ఎవరో అంతసేపు మాట్లాడారని అర్థం. ఎవరో తెలీదు, ఏంటో తెలీదు. స్కానర్ లేకపోవడమే నయమనిపించింది. అంకె యాభై ఆరు.

పదకొండు దాటాక వినపడింది.

"హైలెస్సా!"

వెనకాల నలుగురు: "ఓలెస్సా!"

నాచు పట్టిన తాడు ఏనుగంత బరువుంటుంది. అయిదుగురూ ఒక్కసారి లాగాలంటే ఒకళ్ళు కుయ్యాలి. ఆ పడవలో కూత సత్యవేణిది. మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్నాను, నా దగ్గర అది. జల్లెడకి తెలిసిన మాటల్లో ఈ కూత లేదు కాబోలు. గాలి చప్పుడో నీటి చప్పుడో అనుకుని వదిలేసింది.

నలభై కూతలు విన్నాను. అంకె నలభైకి వచ్చి నిలబడింది. నా మామూలు అంకె అది.

అబ్బులుకి మధ్యాహ్నం నా కేరేజీలో వేపుడు మొత్తం పెట్టేశాను.

రోజు 13

కూత వింటున్నాను. పొద్దున్న ఎనిమిదిన్నరకి మొదలెడతారు, తాడు తాడుకీ మధ్య కాసేపు ఆగుతారు. ఒక తాడుకి ముప్పై కూతలు, బరువుంటే యాభై. కూత సాగుతోందంటే పడవ నిలకడగా ఉంది, చేతులు పనిలో ఉన్నాయి, అందరూ ఉన్నారు. ఇంకేం కావాలి.

ఇవాళ పదింటికి గంట మోగింది. ఉలిక్కిపడి చూస్తే అంకె ఇరవై ఆరు. నేను పడుకోలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కూత వింటున్నాను, అంతే.

దివాకరం గారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. మెల్లగా అడిగారు. "పేరంటాలమ్మ గారూ, ఏమీ అనుకోకండి. మీకేమన్నా ధైర్యం వచ్చిందా?"

"లేదండి, అలాంటిదేమీ లేదండి."

"రావచ్చు. వయసు మీద పడ్డాక కొందరికి వస్తుంది. వస్తే దాచొద్దు. పై ఆఫీసుకి రాయాలి నేను."

"ఎండకి కళ్ళు మూతలు పడ్డాయండి."

"నిద్రయితే పరవాలేదు," అని ఆఫీసు పుస్తకంలో నిద్ర అని రాసుకున్నారు.

రోజు 14

చోడమ్మకి చెప్పాను, కూత సంగతి కాదు, అంకె దిగుతున్న సంగతి. ఆవిడ నాకంటే ముందు పూట కూర్చుంటుంది. పన్నెండేళ్ళ సర్వీసు.

"నాకూ అయింది వదినా, మనవరాలు పుట్టినప్పుడు. ఇరవై ఎనిమిదికి పడిపోయింది. ఉద్యోగం పోతుందనుకున్నా."

"మరెలా పెంచావు?"

"పన్ను పీకించుకోవడం తలుచుకున్నా. ఎడంవైపు దవడ పన్ను. సూదితో సహా తలుచుకోవాలి. ఊరికే పన్ను అనుకుంటే ఎక్కదు."

"నాకు పళ్ళు లేవు గదా చోడమ్మా."

"అయ్యో, అయితే నీకు కష్టమే."

సాయంత్రం దాకా సూదిని తలుచుకున్నాను. ముప్పై నాలుగు. తలుపు తెరిచే ఉంది, పడవలు హాయిగా తిరిగాయి. పదో లాకు ఇంత బాగా ఎప్పుడూ నడవలేదని పడవలవాళ్ళు చెప్పుకుంటున్నారట. సత్యవేణి కూడా అంది.

"కుర్చీ నీకు పడిందమ్మా. మనిషివి తేటగా ఉన్నావు."

దానికి డబ్బా సంగతి చెప్పలేదు. చెబితే, వింటున్నానని కూత మారుస్తుంది. అది నాకొద్దు.

రోజు 19

పన్నెండింటికి ఊళ్ళో సైరన్ మోగింది. కిటికీలోంచి విన్నాను. కేరేజీ విప్పి అన్నం తిన్నాను. చెయ్యి కడుక్కుని చెవిలో పెట్టుకున్నాను. గరగర, ఖాళీ, గరగర. అంతలో సైరన్.

రోజుకి ఒకసారే మోగుతుంది. గోడ గడియారం చూశాను. పన్నెండూ పద్దెనిమిది.

సాయంత్రం అబ్బులు తల గోక్కున్నాడు. "నేను చెప్పలేదా పిన్నీ? లాకు తలుపు చెవి ఒక్కటే సూటిగా వస్తుంది. వీధి చెవులన్నీ వంతులవారీ. జల్లెడ ఒక్కోదాన్నీ పోగుచేసి, పట్టి, మాటలు ఏరి, అప్పుడు వదులుతుంది. పద్దెనిమిది నిమిషాలా? బాగానే చేస్తోందే!"

అంటే పది రోజులుగా నేను విన్నవన్నీ అయిపోయినవి. హైలెస్సా అని నాకు వినపడేసరికి దాని పడవ ఎక్కడుందో. ఆ కూత కూసిన చెయ్యి తాడు మీద ఉందో లేదో.

తీయించేద్దామనుకున్నాను. రాత్రి అన్నం దగ్గర సత్యవేణిని చూస్తూ లెక్క వేశాను. పద్దెనిమిది నిమిషాల్లో ఏమవుతుంది? ఒక కుండెడు అన్నం ఉడుకుతుంది. అంతేగదా.

తీయించలేదు.

రోజు 26

ఇది మర్నాడు రాస్తున్నాను. నిన్న రాయడానికి పొడి కాయితం లేదు.

పొద్దున్న గాలి మామూలే. మధ్యాహ్నం ఒంటిగంటకి పడమర తేటగా ఉంది, తూర్పున నీలం పెట్టినట్టు నల్లగా ఉంది. అయిదు పడవలు బయటున్నాయి. లాకు స్తంభానికి ఎర్ర గీత ఉంది. నీళ్ళు ఆ గీతకి జానెడు కింద. కొలిచే మిషను రెండు జానెలు అంటోంది.

రెండింటికి చెవిలో కూత సాగుతోంది. హైలెస్సా, ఓలెస్సా. బరువు తాడు, యాభై దాటింది. సత్యవేణి గొంతులో తొందర లేదు. అంకె ముప్పై మూడు.

దివాకరం గారు వచ్చారు. "ఏంటమ్మా ముప్పై మూడేంటి? బయట చూస్తున్నారా?"

"చూస్తున్నానండి."

చూస్తూనే ఉన్నాను. నీళ్ళు జానెడు కాదు, బెత్తెడు. కానీ చెవిలో తాడు లాగుతున్నారు. అంత నింపాదిగా లాగుతుంటే గాలి ఏముంటుంది అనుకున్నాను. పద్దెనిమిది నిమిషాల సంగతి తెలుసు. తెలిసి కూడా అనుకున్నాను.

రెండూ ఇరవైకి కూత మధ్యలో తెగింది. "హైలె" దాకా వచ్చి ఆగింది. వెనకాల ఓలెస్సా లేదు. తరవాత ఖాళీ. ఎవరో మాట్లాడుతున్న ఖాళీ. అరిచినా ఖాళీయే, ఏడ్చినా ఖాళీయే.

గడియారం చూసి లెక్క వేశాను. రెండూ రెండుకి తెగింది. ఈపాటికి ఏదైనా అయిపోయి ఉంటుంది.

నలభై ఎనిమిది. యాభై ఏడు. అరవై నాలుగు.

తలుపు రెండు రెక్కలూ కదిలాయి.

అప్పుడు కనిపించాయి పడవలు. అయిదూ ఒకదాని వెనక ఒకటి, అల మీద కనిపించి అల వెనక పోయి. లాకు కేసే వస్తున్నాయి. నాకు భయం వేస్తున్నకొద్దీ తలుపు మూసుకుంటోంది. మూసుకుంటున్నకొద్దీ భయం వేస్తోంది. అరవై తొమ్మిది.

"మా అమ్మాయుందండి ఆ పడవల్లో," అన్నాను.

దివాకరం గారు నాకేసి తిరిగారు. "చేరేటప్పుడు చెప్పాలి గదమ్మా."

"అడగలేదండి."

"చెవిలో ఏముంది?"

"అదేనండి. మా అమ్మాయే."

ఆయన తిట్టలేదు. నేను చెయ్యి చాపి, "పట్టీ మీరు కట్టుకోండి," అన్నాను.

"కొత్త చేతిని పోల్చుకోవడానికి దానికి రెండు నిమిషాలు పడుతుంది. అందాకా తలుపు చేస్తున్న పని ఆపదు. రెండు నిమిషాల్లో మూసుకుపోతుంది."

నా చెవిలోది పీకేశారు. కుర్చీని గిర్రున తిప్పి, కిటికీకి వీపు పెట్టించి, వట్టి గోడకేసి కూర్చోబెట్టారు. బల్ల మీది లావుపాటి పుస్తకం తెరిచారు. సెలవుల నిబంధనలు. చదవడం మొదలెట్టారు.

"సెక్షను నాలుగు. కుర్చీ సిబ్బందికి సంవత్సరానికి పన్నెండు క్యాజువల్ సెలవులు. అరవై తొమ్మిది. ఈ సెలవులను ఆదివారాలతో కలిపి వాడుకొనరాదు. వినండమ్మా, వినండి. అరవై ఏడు. అయితే రెండో శనివారం ఆదివారము క్రిందకు వచ్చునా అను ప్రశ్న తలెత్తినప్పుడు..."

"వస్తుందాండి?" అన్నాను.

"రాదు. అరవై నాలుగు. సెక్షను నాలుగు, ఉపసెక్షను రెండు. సెలవు చీటీ మూడు ప్రతులలో, నీలము సిరాతో..."

"నాకు నీలం పెన్ను లేదండి."

"నేనిస్తాను. అరవై ఒకటి. ఎడమవైపు రెండు అంగుళముల ఖాళీ వదిలి... యాభై తొమ్మిది. తలుపు ఆగింది. కదలకండి. మొదటి పడవ."

"ఎవరిదండి?"

"చెప్పను. ఉపసెక్షను మూడు."

ఉపసెక్షను ఏడు దాకా చదివారు. నేను గోడ మీద సున్నం పెచ్చు ఒకటి చూస్తూ కూర్చున్నాను. రెక్కల మధ్య ఒక్కొక్క పడవే పడుతోందని తరవాత చెప్పారు. అప్పుడు మాత్రం ఎడమవైపు రెండు అంగుళాల ఖాళీ గురించే చెప్పారు.

"అయిదు," అన్నారు.

తిరిగి చూశాను. అయిదో పడవ వెనకభాగంలో నిలబడి ఉంది సత్యవేణి. జుట్టు మొహానికి అతుక్కుపోయింది. చేత్తో తోసుకుని లాకు గోడకి కొక్కెం వేస్తోంది.

గంట మోగింది.

అంకె పందొమ్మిది.

తలుపు సగం తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. నీళ్ళు ఎర్ర గీత దాటాయి. కొలిచే మిషను ఇంకా బెత్తెడు ఉందంటోంది. ఆ సగం సందులోంచి సముద్రం లోపలికి దొర్లుతోంది. లాకు కాలవ పొర్లింది. ముందు వీధి మాదే.

"భయపడండమ్మా!" అన్నారు దివాకరం గారు. మొదటిసారి గొంతు పెంచారు.

ప్రయత్నం చేశాను. సూదిని తలుచుకున్నాను. మా ఆయన పోయిన రోజు తలుచుకున్నాను. మూడో లాకుని తలుచుకున్నాను. నా ఇంటి గుమ్మం దాటి నీళ్ళు వెళ్తుంటే పక్క కిటికీలోంచి చూస్తూ తలుచుకున్నాను. మంచం తడుస్తుంది, బియ్యం తడుస్తాయి. తడిస్తే తడవనీ అనిపించింది. అరవై ఏడేళ్ళలో వెతికినా నాకు భయం దొరక్కపోవడం అదే మొదలు. ఎక్కడా లేదు. పదిహేడు.

"మీరు కట్టుకోండి," అన్నాను మళ్ళీ.

"నాకు పన్నెండు దాటదమ్మా. సూపర్నెంట్లని అలా చూసే తీసుకుంటారు. చోడమ్మ గారికి కబురు పంపాను. ఇరవై నిమిషాలు పడుతుంది."

మెట్ల మీద అడుగులు. సత్యవేణి. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి.

"తలుపు మూయవేంటే అమ్మా! ఊరు మునుగుతోంది!"

"భయం రావట్లేదే."

"ఎవరికి?"

"నాకే."

"నీకా?" అంది. నా మొహం చూసింది, గంట కేసి చూసింది. నా చేతికున్న పట్టీ విప్పి తన చేతికి బిగించుకుంది. నన్ను లేపి, గోడకేసి తిరిగి ఉన్న ఆ కుర్చీలో అలాగే కూర్చుంది.

"నీది పనికిరాదే. నీకు భయమంటే తెలీదు గదా," అన్నాను.

అది పట్టీని ఇంకాస్త బిగించుకుంది.

రెండు నిమిషాలు అంకె వెలగలేదు. కింద వీధిలో జనం పిల్లల్ని ఎత్తుకుని కట్ట ఎక్కుతున్నారు. అబ్బులు ఎవరిదో మేకని భుజాన వేసుకుని వెళ్ళాడు. దివాకరం గారు, నేనూ కిటికీ పైకి చూస్తూ నిలబడ్డాం. సున్నా వస్తుందనుకున్నాను. పది రావచ్చు.

డెబ్బై ఎనిమిది.

రెక్కలు కదిలాయి. మూసుకున్నాయి. లాకులో హోరు ఆగింది.

దివాకరం గారు నా దగ్గరకొచ్చి, "కొత్త చేతికి తప్పు చూపిస్తుందేమో అనుకుంటున్నారా? చూపించదు," అన్నారు నాకు మాత్రమే వినపడేలా.

చోడమ్మ వచ్చేదాకా ఎవరో ఒకరు కుర్చీలో ఉండాలి. సత్యవేణి కూర్చునే ఉంది. నా కొంగుతో దాని తల తుడిచాను. గోడకేసి చూస్తూ చెప్పింది.

"ఒంటిగంటకే తిరిగొద్దామంది రత్తాలు. నేనే వద్దన్నాను. లాకు దీపం పచ్చగా ఉంది. కుర్చీలో మా అమ్మ ఉంది, మా అమ్మకే భయం లేకపోతే మనకేంటే, ఇంకో తాడు లాగుదాం అన్నాను. ఆ తాడు సగంలో ఉండగా పెద్ద అల కనిపించింది. వదిలేసి తిరిగాం."

నా చెయ్యి ఆగింది.

"నేను నీ కూత వింటున్నానే," అన్నాను. "కాలవలో డబ్బా పెట్టించి. నువ్వు లాగుతున్నావు గదా అని నేను కుదురుగా ఉన్నాను."

"మంచిపని చేశాం ఇద్దరం," అంది.

"నీకు భయమని ఎప్పుడూ చెప్పలేదేంటే?"

"ఇంట్లో ఒకళ్ళు భయపడుతున్నారు గదా అమ్మా. ఇద్దరం కూర్చుంటే అన్నం ఎవరు వండుతారు?"

గాలి తగ్గింది. వీధిలో నీళ్ళు మోకాలు లోతున ఆగాయి. మనుషులు ఎవరూ పోలేదు. మా బియ్యం పోయాయి, కాలవలో డబ్బా కొట్టుకుపోయింది. నా ఉద్యోగం సంగతి పై ఆఫీసువాళ్ళు వచ్చి తేలుస్తారట. చీటీ మూడు ప్రతులు రాయాలట.

చోడమ్మ ఇంకా రాలేదు. అంకె దిగుతూ వచ్చింది. అరవై, యాభై అయిదు, యాభై. తలుపు మూసే ఉంది, పడవలు లోపలున్నాయి, పక్కన నేనున్నాను. ఇంక భయపడడానికి ఏమీ లేదు. నలభై ఏడు దగ్గర ఆగింది. చూస్తూ ఉన్నాను. పావుగంట చూశాను. నలభై ఏడు. దాని మామూలు అంకె అదే. నాది నలభై.

దాని వీపు కిటికీ వైపుంది, దానికి కనపడదు.

"ఎంతుందమ్మా?" అని అడిగింది.

దివాకరం గారు ఆఫీసు పుస్తకంలో అంకె వేస్తున్నవారు తలెత్తి నాకేసి చూశారు.

"ముప్పై," అన్నాను.